ఐరన్, కాపర్ ఒకే ట్యూబులో ఎవరి లైగాండ్‌ను వారు ఏరుకునేలా చేయడం ఎలా

రెండు లోహాలు, రెండు ఆల్డిహైడ్లు, రెండు ఎమీన్లు. ఈ ఆరింటినీ ఒకే ఎన్ఎంఆర్ ట్యూబులో (అణువులను వాటి హైడ్రోజన్ల సంకేతాలతో గుర్తించే యంత్రంలో పెట్టే సన్నటి గాజు గొట్టం) పోస్తే ఏమేం రావచ్చో ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. ఆల్డిహైడ్, ఎమీన్ కలిస్తే ఇమీన్ అనే బంధం ఏర్పడి, లోహాన్ని పట్టుకునే అణువు, అంటే లైగాండ్, తయారవుతుంది. మూడు చేతులున్న ఎమీన్ రెండు ఆల్డిహైడ్లతో కలిసి నాలుగు రకాల లైగాండ్లు ఇస్తుంది. ఒంటిచేతి ఎమీన్ మరో రెండు ఇస్తుంది. వాటితో ఐరన్ ఎనిమిది రకాల సంక్లిష్టాలు (లోహం, లైగాండ్ కలిసినవి) కట్టగలదు, కాపర్ కనీసం మూడు కట్టగలదు. ఇందులో ఐసోమర్లు లేవు, సగమే కుదిరిన ఇమీన్లు లేవు. అయినా సరైన జోడీలు ఎంచుకుంటే చివరికి ట్యూబులో రెండే మిగులుతాయి. సెల్ఫ్ సార్టింగ్ అంటే ఇదే.

ఈ ప్రయోగం చేసేవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది ఒక్క చోటే. శుభ్రమైన స్పెక్ట్రం (యంత్రం గీసే గీతల పటం) ఒకటి రాగానే పని అయిపోయిందనుకుంటారు. శుభ్రమైన స్పెక్ట్రం వచ్చిందంటే మీరు పోసిన వరుసలో ఏదో ఒకటి వేగంగా ఏర్పడి అక్కడే ఇరుక్కుపోయిందని కూడా అర్థం కావచ్చు. వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టినా వ్యవస్థ ఒకే చోటికి చేరిందని చూపించాలి. పోసిన ప్రతి మైక్రోమోల్‌కూ లెక్క అప్పజెప్పాలి. కింది పద్ధతి మొత్తం ఆ రెండింటి కోసమే.

జోడీల ఎంపిక

1993లో క్రేమర్, జాఁ-మరీ లేన్ బృందం వేర్వేరు పొడవుల బైపిరిడీన్ గొలుసులను కాపర్-1తో (ఒక ధనావేశమున్న కాపర్; ఇలాగే ఐరన్-2 అంటే రెండు) కలిపితే సమాన పొడవు గొలుసులు మాత్రమే జతకట్టి హెలికేట్లు, అంటే మెలితిరిగిన సంక్లిష్టాలు, అవుతాయని చూపించింది. 2003లో వూ, ఐజాక్స్ ఈ విషయానికి సెల్ఫ్ సార్టింగ్ అన్న పేరును స్థిరపరిచారు. 2006లో షుల్ట్జ్, నిట్ష్కే ఐరన్, కాపర్ రెండూ కలిసి ఒకే ఇమీన్ల గుంపులోంచి తమ తమ లైగాండ్లను ఎంచుకోవడం చూపారు. ఇక్కడి పద్ధతి ఆ ఆలోచన మీద కట్టినదే. కొలతలు మాత్రం అసిటోనైట్రైల్‌లో, ఎన్ఎంఆర్ ట్యూబు స్థాయిలో చేసుకోవడానికి వీలుగా వేసినవి.

ఆల్డిహైడ్లలో ఒకటి పిరిడీన్-2-కార్బాక్సాల్డిహైడ్, రెండోది 6-మిథైల్‌పిరిడీన్-2-కార్బాక్సాల్డిహైడ్. ఇకపై వీటిని మామూలు ఆల్డిహైడ్, మిథైల్ ఆల్డిహైడ్ అందాం. ఎమీన్లలో ఒకటి ట్రిస్(2-ఎమినోఇథైల్)ఎమీన్, ల్యాబుల్లో అందరూ ట్రెన్ అనేది. రెండోది పారా-టొలుయిడీన్.

ఐరన్-2కు ఆరు నైట్రోజన్లు కావాలి, అవీ దగ్గరగా కావాలి. మామూలు ఆల్డిహైడ్ మూడు, ట్రెన్ ఒకటి కలిస్తే ఆరు నైట్రోజన్లున్న సంచిలాంటి లైగాండ్ తయారవుతుంది. అందులో కూర్చున్న ఐరన్ లో-స్పిన్ స్థితిలోకి, అంటే ఎలక్ట్రాన్లన్నీ జతకట్టిన స్థితిలోకి, వెళ్తుంది. బంధాల పొడవు 2.0 ఆంగ్‌స్ట్రాంల దగ్గరకు తగ్గుతుంది, ఊదా రంగు వస్తుంది, ఎన్ఎంఆర్‌లో గీతలు సన్నగా కనిపిస్తాయి. పిరిడీన్ 6వ స్థానంలో మిథైల్ ఉంటే అది లోపలికి పొడుచుకొస్తుంది కాబట్టి ఐరన్ అంత దగ్గరకు రాలేదు. మూడు చేతులకూ మిథైల్ ఉన్న ట్రెన్ లైగాండ్‌తో ఐరన్-2 హై-స్పిన్‌లోనే (జతకట్టని ఎలక్ట్రాన్లతో) ఉంటుందని 1970ల నుంచే తెలుసు. అప్పుడు బంధాలు 2.2 ఆంగ్‌స్ట్రాంల దాకా సాగుతాయి. ఈ శక్తి తేడాయే మొదటి జల్లెడ.

కాపర్-1కు నాలుగు నైట్రోజన్లు చాలు, టెట్రాహెడ్రల్ అమరిక కావాలి. మిథైల్ ఇక్కడ అడ్డు కాదు, కాపలా. కాపర్-1 ఆక్సీకరణం చెంది కాపర్-2 కావాలంటే అమరిక చదునవ్వాలి. రెండు లైగాండ్ల మిథైల్‌లు ఒకదానికొకటి తగిలి దాన్ని చదునవ్వనివ్వవు. ఐరన్‌కు ఇబ్బంది పెట్టే గుంపే కాపర్‌కు రక్షణ అవుతోంది. ఈ జోడీలో అందం అక్కడే ఉంది.

రెండో జల్లెడ కీలేట్ ప్రభావం, అంటే ఒకే అణువు అనేక చేతులతో లోహాన్ని పట్టుకుంటే పట్టు బిగుసుకోవడం. ఐరన్ చుట్టూ మూడు టొలుయిడీన్ ఇమీన్లున్న చోటికి ఒక ట్రెన్ వస్తే మూడు టొలుయిడీన్లు బయటికి విడుదలవుతాయి. కణాల సంఖ్య పెరుగుతుంది కాబట్టి ఎంట్రోపీ ట్రెన్ వైపే మొగ్గుతుంది. ఐరన్ ట్రెన్‌ను, మామూలు ఆల్డిహైడ్‌ను తీసుకుపోతే కాపర్‌కు మిగిలేవి మిథైల్ ఆల్డిహైడ్, టొలుయిడీన్. అవే దానికి కావలసినవి కూడా.

నిష్పత్తి దగ్గర రాజీ పడొద్దు. ఒక ఐరన్‌కు ఒక ట్రెన్, మూడు మామూలు ఆల్డిహైడ్లు. ఒక కాపర్‌కు రెండు టొలుయిడీన్లు, రెండు మిథైల్ ఆల్డిహైడ్లు. ఏ ఇష్టమూ లేకుండా యాదృచ్ఛికంగా కలిస్తే ఎంత వస్తుందో కూడా ముందే రాసిపెట్టుకోండి. మొత్తం ఆల్డిహైడ్‌లో మామూలుది 60 శాతం, మిథైల్‌ది 40 శాతం. ట్రెన్ మూడు చేతులకూ మామూలుదే దొరికే అవకాశం 0.6 ఘనం, అంటే 21.6 శాతం. కాపర్ మీద రెండూ మిథైల్ ఇమీన్లే ఉండే అవకాశం 0.4 వర్గం, 16 శాతం. మీకొచ్చిన అంకెలను వీటితో పోల్చాలి, సున్నాతో కాదు.

సీసాలు తెరిచే ముందు

ఈ ప్రయోగం చెడితే పదింట ఎనిమిదిసార్లు తప్పు సీసాలోనే ఉంటుంది.

మామూలు ఆల్డిహైడ్ పాతబడితే గోధుమ రంగుకు తిరుగుతుంది, కొంత పికోలినిక్ ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం రెండు లోహాలనూ పట్టుకుంటుంది. తగ్గించిన పీడనంలో స్వేదనం చేసి, రంగులేని భాగాన్ని తీసుకుని, నైట్రోజన్ కింద ఫ్రీజర్‌లో ఉంచండి. మిథైల్ ఆల్డిహైడ్ 30 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో అది ద్రవంగానే ఉంటుంది, పాడైందని పారేయకండి. కాకపోతే సగం కరిగిన సీసాలోంచి తీసి తూచొద్దు. మలినాలు ద్రవ భాగంలోకి చేరి ఉంటాయి. మొత్తం కరిగించి, కలిపి తీయండి. టొలుయిడీన్ గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో ఉంటే సబ్లిమేషన్ చేసి తెల్లగా తెచ్చుకోండి. ట్రెన్ సీసా మూత చుట్టూ తెల్లటి పొర కనిపిస్తే అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుందని అర్థం. అలాంటి ట్రెన్‌ను తూస్తే బరువు సరిగ్గానే చూపిస్తుంది, ఎమీన్ మాత్రం తక్కువుంటుంది.

లోహ లవణాలు రెండింటికీ ఒకే రుణ అయాన్ ఉండాలి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేరు. ఐరన్-2 టెట్రాఫ్లోరోబోరేట్ హెక్సాహైడ్రేట్, టెట్రాకిస్(అసిటోనైట్రైల్)కాపర్-1 టెట్రాఫ్లోరోబోరేట్ తీసుకోండి. ఐరన్ లవణం లేత ఆకుపచ్చగా ఉండాలి, పసుపు లేదా గోధుమ రంగు ఐరన్-3కి గుర్తు. కాపర్ లవణం తెల్లగా ఉండాలి, నీలం మచ్చ కనిపిస్తే ఆ సీసా వద్దు. పెర్‌క్లోరేట్ లవణాలు చౌకగా దొరికాయని వాడొద్దు, సేంద్రియ లైగాండ్లతో అవి పేలగలవు.

టొలుయిడీన్ చర్మం గుండా రక్తంలోకి వెళ్లి హిమోగ్లోబిన్‌ను దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కారకమనే అనుమానమూ ఉంది. ట్రెన్ చర్మాన్ని కాలుస్తుంది, విషం కూడా. అసిటోనైట్రైల్ మండే ద్రవం, దాని ఆవిరి విషం. తూకం దగ్గర నుంచి ట్యూబు మూసేదాకా ఫ్యూమ్‌హుడ్‌లోనే, నైట్రైల్ గ్లవ్స్‌తోనే పని చేయండి. గ్లవ్స్ మీద చుక్క పడితే వెంటనే మార్చండి.

స్టాక్ ద్రావణాలు

ఒక్కో సంక్లిష్టం 5 మిల్లీమోలార్, ట్యూబులో మొత్తం 600 మైక్రోలీటర్లు. అంటే ఒక్కో లోహం 3 మైక్రోమోల్‌లు. ఈ స్థాయిలో ట్రెన్ 0.44 మిల్లీగ్రాములే, నేరుగా తూయడం కుదరదు. అందుకే స్టాక్‌లు. డ్యుటరేటెడ్ అసిటోనైట్రైల్ 9 మిల్లీలీటర్లు తీసుకుని మూడుసార్లు ఫ్రీజ్-పంప్-థా (గడ్డకట్టించి, గాలి లాగేసి, కరిగించడం) చేయండి. ఆ సౌకర్యం లేకపోతే సన్నటి సూదితో 15 నిమిషాలు నైట్రోజన్ పంపండి. ఆ నైట్రోజన్‌ను ముందుగా మామూలు అసిటోనైట్రైల్ ఉన్న బుడ్డిలోంచి పోనివ్వండి. లేకపోతే ఖరీదైన ద్రావణి మీ కళ్లముందే ఆవిరైపోతుంది.

ఒక్కో మిల్లీలీటరుకు:

ఏ — మామూలు ఆల్డిహైడ్ 9.64 మి.గ్రా. (90 మిల్లీమోలార్)
బి — మిథైల్ ఆల్డిహైడ్ 7.27 మి.గ్రా. (60)
సి — ట్రెన్ 8.77 మి.గ్రా. (60)
డి — టొలుయిడీన్ 6.43 మి.గ్రా. (60)
ఇ — ఐరన్ లవణం 10.13 మి.గ్రా. (30)
ఎఫ్ — కాపర్ లవణం 9.44 మి.గ్రా. (30)
జి — 1,3,5-ట్రైమెథాక్సీబెంజీన్ 10.09 మి.గ్రా. (60), ఇది ఎన్ఎంఆర్ స్టాండర్డ్

సరిగ్గా ఈ బరువు కోసం గరిటెతో కుస్తీ పట్టొద్దు. దాదాపుగా తూచి, వచ్చిన బరువుకు తగ్గట్టు ద్రావణి పోయండి. ఐరన్ లవణం 10.60 పడితే 1.046 మిల్లీలీటర్లు పోస్తే సరి. ఆల్డిహైడ్, ట్రెన్ ద్రవాలైనా తూయండి. చిక్కటి ద్రవం పిపెట్ కొనకు అంటుకుని ప్రతిసారీ కొంత వెనకే ఉండిపోతుంది. 0.1 మిల్లీగ్రాము తేడా అంటే ఇక్కడ ఒక శాతం. అందుకే ఐదు దశాంశాల తూకం ఉంటే అదే వాడండి. ఇ, ఎఫ్ స్టాక్‌లు అదే రోజు చేసుకోవాలి, రబ్బరు సెప్టం ఉన్న వయల్‌లో ఉండాలి.

ముందు రిఫరెన్స్‌లు

అసలు ప్రయోగానికి ముందు రెండు శుద్ధ సంక్లిష్టాలను విడివిడిగా చేయండి. ఐరన్‌కు ఏ 100, సి 50, జి 50, ఇ 100 మైక్రోలీటర్లు, ఆపై ద్రావణి 300. కాపర్‌కు బి 100, డి 100, జి 50, ఎఫ్ 100, ఆపై ద్రావణి 250. లోహాన్ని ఎప్పుడూ చివరనే కలపండి. ఐరన్ ట్యూబు చూస్తుండగానే ఊదా రంగుకు తిరుగుతుంది. కాపర్ ట్యూబు ముదురు ఎరుపు-గోధుమ రంగుకు వస్తుంది. రెండింటినీ 50 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి స్పెక్ట్రం తీయండి.

సిగ్నళ్ల స్థానాలను పేపర్లలోంచి కాక ఈ రెండు స్పెక్ట్రాల్లోంచే రాసుకోండి. గాఢత, నీరు, రుణ అయాన్ మారితే పీపీఎం, అంటే గీత స్థానం, కొద్దిగా జరుగుతుంది. పోలిక ఎప్పుడూ మీ ద్రావణంలో, మీ యంత్రం మీద తీసినదానితోనే ఉండాలి.

ఐరన్ రిఫరెన్స్ మరో పని కూడా చేస్తుంది. హైడ్రేట్ లవణం సీసా మీద ఆరు నీళ్లని రాసి ఉన్నా నిల్వలో ఆ సంఖ్య మారుతుంది. ఇమీన్ సిగ్నల్‌ను స్టాండర్డ్‌తో పోలిస్తే మీ స్టాక్‌లో నిజంగా ఎంత ఐరన్ ఉందో తెలుస్తుంది. 3 శాతానికి మించి తేడా ఉంటే స్టాక్‌ను సరిచేయండి. ఐరన్ తక్కువైతే మిగిలిపోయిన ట్రెన్ లైగాండ్ కాపర్ మీదికి పోతుంది. ఎక్కువైతే స్వేచ్ఛగా తిరిగే పారామాగ్నెటిక్ ఐరన్ గీతలన్నింటినీ వెడల్పు చేస్తుంది.

మూడు దారులు

మొదటి ట్యూబు, అన్నీ ఒకేసారి. ఏ 100, బి 100, డి 100, సి 50, జి 50 ఈ వరుసలో పోయండి. అరగంట ఆగి ఇ 100, ఆ వెంటనే ఎఫ్ 100. ట్రెన్ కంటే ముందు ఆల్డిహైడ్లు ఉండాలి. విడి ట్రెన్‌కు కాపర్-2 అంటే విపరీతమైన మోజు. అది స్వేచ్ఛగా ఉన్న ద్రావణంలో కాపర్-1 పడితే, మిగిలి ఉన్న కాస్త గాలితోనే ఆక్సీకరణం చెందుతుంది.

రెండో ట్యూబు, కావాలని తప్పు జోడీలతో. ఒక వయల్‌లో ఏ 67, డి 100, ఎఫ్ 100. కాపర్ ఇక్కడ మామూలు ఆల్డిహైడ్ ఇమీన్‌తో కూర్చుంటుంది. ఇంకో వయల్‌లో ఏ 33, బి 100, సి 50, ఇ 100. ఐరన్‌కు ఎక్కువగా మిథైల్ ఉన్న ట్రెన్ లైగాండే దొరుకుతుంది. రెండింటినీ నైట్రోజన్ కింద 50 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, అప్పుడు కలిపి, జి 50 పోసి ట్యూబులోకి మార్చండి.

మూడో ట్యూబు, ముందే సరైన జోడీలతో. ఒక వయల్‌లో ఏ 100, సి 50, ఇ 100. ఇంకోదానిలో బి 100, డి 100, ఎఫ్ 100. అలాగే రెండు గంటలుంచి, కలిపి, జి 50 పోయండి.

మూడింటిలోనూ మొత్తం 600 మైక్రోలీటర్లే, ప్రతి పదార్థమూ సమానమే, తేడా చరిత్రలో మాత్రమే. టెఫ్లాన్ కవాటం ఉన్న ఎన్ఎంఆర్ ట్యూబులు వాడండి. ప్లాస్టిక్ మూత, పారాఫిల్మ్‌తో ఒక రాత్రి గడుస్తుంది గాని రెండు రోజులు గడవదు. 50 డిగ్రీల స్నానంలో ఉంచి 1, 6, 24, 48 గంటలకు స్పెక్ట్రం తీయండి. 60 దాటించకండి, అసిటోనైట్రైల్ 82 దగ్గర మరుగుతుంది, మూసిన ట్యూబులో పీడనం పెరుగుతుంది.

నీటిని తీసేయాలని మాలిక్యులర్ సీవ్స్ వేయకండి. ఇమీన్లు ఏర్పడుతూ విడుదల చేసేది, ఐరన్ లవణం తెచ్చేది కలిపి సుమారు 55 మిల్లీమోలార్, అంటే ద్రావణంలో 0.1 శాతమే. లోహం ఇమీన్‌ను పట్టుకుని ఉన్నంతకాలం ఆ నీటితో నష్టం లేదు. పైగా భాగాలు చేతులు మారడానికి ఆ కాస్త నీరూ, ఆ కాస్త విడి ఎమీనూ అవసరమే. పూర్తిగా పొడిబారిన ట్యూబులో ఎక్కడి గొంగళి అక్కడే ఉంటుంది.

రెండో ట్యూబు 24 గంటల తర్వాత కూడా కదలకపోతే కారణం దాదాపు ఒక్కటే, లో-స్పిన్ ఐరన్ చాలా నిదానంగా మారుతుంది. మూడు ట్యూబుల్లోనూ సమానంగా డి స్టాక్ 5 మైక్రోలీటర్లు అదనంగా వేయండి. ఉన్న టొలుయిడీన్‌కు ఇది 5 శాతం. ఎనిలీన్ జాతి ఎమీన్లు ఇమీన్ మార్పిడికి మంచి ఉత్ప్రేరకాలు. ఒక ట్యూబులోనే వేస్తే పోలిక చెడిపోతుంది.

స్పెక్ట్రం చదవడం

ఇంటిగ్రల్ (గీత కింది వైశాల్యం) నమ్మదగినదిగా రావాలంటే స్కాన్‌కూ స్కాన్‌కూ మధ్య 30 సెకన్లు ఇవ్వండి, 16 స్కాన్లు చాలు. స్టాండర్డ్ ప్రోటాన్లు నెమ్మదిగా విశ్రాంతికి వస్తాయి. 1 సెకను విరామంతో తీస్తే స్టాండర్డ్ తక్కువగా, మీ సంక్లిష్టాలు ఎక్కువగా కనిపించి 110 శాతం దిగుబడి వస్తుంది.

6.1 పీపీఎం దగ్గర ట్రైమెథాక్సీబెంజీన్ మూడు ప్రోటాన్ల సింగ్లెట్‌ను 3.00గా పెట్టండి. సార్టింగ్ పూర్తయితే ఐరన్ ఇమీన్ సిగ్నల్ 3.00, కాపర్ ఇమీన్ సిగ్నల్ 2.00 రావాలి. 10 పీపీఎం దగ్గర విడి ఆల్డిహైడ్ జాడ లేకుండా పోవాలి.

ఐరన్ 2.94, కాపర్ 1.80 వచ్చాయనుకోండి. ఐరన్ 98 శాతం, కాపర్ 90 శాతం. స్పెక్ట్రంలో ఇంకేమీ కనబడకపోయినా ఆ మిగతా రెండు శాతం ఐరన్, పది శాతం కాపర్ ఎక్కడో ఉన్నాయి, వాటిని వెతకండి. మొదట చూడాల్సింది మామూలు కిటికీ బయట. హై-స్పిన్ ఐరన్ సంక్లిష్టాల సిగ్నళ్లు వెడల్పుగా, ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా పడతాయి, 0 నుంచి 12 పీపీఎం మధ్య తీసిన స్పెక్ట్రంలో అవి లేనట్టే ఉంటాయి. ఒకసారి మైనస్ 50 నుంచి 150 దాకా తీసి చూడండి. కాపర్-2 అయితే అక్కడా సరిగ్గా కనబడదు, దాని జాడ ట్యూబు రంగులో, పక్క గీతల వెడల్పులో తెలుస్తుంది.

మూడు ట్యూబుల స్పెక్ట్రాలను ఒకదానిపై ఒకటి పేర్చండి. మొదటిదీ రెండోదీ వచ్చి మూడోదానితో కలిస్తే, ఆ తర్వాత 24 గంటలకు కూడా ఏదీ మారకపోతే, అది సమతాస్థితి. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో రెండు మూడు శాతం కంటే చిన్నవి బేస్‌లైన్‌లో దాక్కుంటాయి కాబట్టి ఫలితాన్ని "100 శాతం" అని రాయకండి. "95 శాతం పైన" అనేది నిలబడే మాట.

మాస్ స్పెక్ట్రం (అయాన్లను బరువు-ఆవేశం నిష్పత్తితో వేరుచేసి చూపేది) ఎవరున్నారో చెబుతుంది, ఎంతమంది ఉన్నారో చెప్పదు. ఎలక్ట్రోస్ప్రేలో ఒక్కో అయాన్ ఒక్కో తీరుగా ఎగురుతుంది, ఎత్తుల నిష్పత్తిని శాతాలుగా మార్చొద్దు. సరైన ఐరన్ సంక్లిష్టం రెండు ధనావేశాలతో 234.6 దగ్గర వస్తుంది, ఐసోటోప్ గీతల మధ్య దూరం 0.5. ట్రెన్ చేతుల్లోకి ఒక మిథైల్ ఆల్డిహైడ్ చొరబడితే 241.6, రెండైతే 248.6, మూడైతే 255.6. సరైన కాపర్ సంక్లిష్టం 483.2, దాని పక్కనే 485.2 దగ్గర కాపర్-65 గీత సుమారు సగం ఎత్తులో. ఒక మామూలు ఆల్డిహైడ్ కలిసిన మిశ్రమం 469.1, రెండూ మామూలువే అయితే 455.1. ఐరన్ మూడు టొలుయిడీన్ ఇమీన్లతో ఉంటే 322.1. ఈ పట్టీని యంత్రం దగ్గర పెట్టుకోండి. 314.1, 273.0 కనిపిస్తే కంగారు పడొద్దు, కాపర్ ఒక లైగాండ్‌ను యంత్రంలోనే వదిలేసింది. కోన్ వోల్టేజి తగ్గిస్తే అవి తగ్గుతాయి.

రంగు కొలవాలంటే 5 మిల్లీమోలార్ ద్రావణం చాలా చిక్కన, వంద రెట్లు పలచన చేసి వెంటనే కొలవండి. లో-స్పిన్ ఐరన్ 550-580 నానోమీటర్ల ప్రాంతంలో బలంగా గ్రహిస్తుంది. పలచన చేసినదాన్ని గంటలకొద్దీ ఉంచితే కాపర్ ఇమీన్ విడిపోవడం మొదలవుతుంది.

తేడా వస్తే

ట్యూబు ఆకుపచ్చ ఛాయకు తిరిగితే గాలి లోపలికొచ్చింది. కాపర్-2 ఒకసారి ఏర్పడ్డాక ఆ ట్యూబును బాగుచేయాలని చూడకండి, కొత్తగా చేసుకోవడమే మేలు.

ఆల్డిహైడ్ సిగ్నల్ పోకుండా నిలిచిపోతే ఎమీన్ తక్కువైంది, ఎక్కువసార్లు నేరస్థుడు ట్రెన్. 3.00కు బదులు ఐరన్ ఇమీన్ 2.7 వచ్చి, ఆల్డిహైడ్ 0.3 దగ్గర మిగిలితే ట్రెన్ 10 శాతం తక్కువపడిందని లెక్క తేలిపోతుంది. ఏ ఆల్డిహైడ్ మిగిలిందో కూడా చూడండి. సార్టింగ్ బాగా జరిగిన ట్యూబులో మిగిలేది మామూలుదే. మిథైల్‌ది మిగిలితే సమస్య టొలుయిడీన్ వైపు ఉంది.

ఐరన్ సరిగ్గా, శుభ్రంగా వచ్చి, కాపర్ వైపు చిన్న చిన్న అదనపు గీతలుంటే నిష్పత్తి తప్పింది. తప్పిన కొద్దిపాటి భాగమంతా బలహీనమైన భాగస్వామి మీదే పడుతుంది, ఇక్కడ ఆ భాగస్వామి కాపర్. అడుగున మడ్డి దిగితే గోధుమ రంగుదైతే ఐరన్-3 హైడ్రాక్సైడ్, అంటే లవణం పాతది. ఎర్రటి మెరుపున్నదైతే లోహ కాపర్, అంటే కాపర్-1 రెండుగా విడిపోయింది, అక్కడ విడి ట్రెన్ ఎక్కువ ఉండి ఉంటుంది.

మూడు ట్యూబులూ మూడు చోట్ల ఆగిపోయి, అదనపు టొలుయిడీన్‌తో వారం గడిచినా దగ్గరకు రాకపోతే మీ దగ్గరున్నది సెల్ఫ్ సార్టింగ్ కాదు, కైనెటిక్ ట్రాప్, అంటే ముందు ఏర్పడినదాంట్లోనే ఇరుక్కుపోవడం. దాన్ని అలాగే రాయండి, అదీ ఒక ఫలితమే.

కాపర్ ఒంటరిగా ఉన్నప్పుడు

ఒక్క ట్యూబుకే సమయముందంటే ఇదే చేయండి. ఏ 100, బి 100, డి 100, సి 50, జి 50, ఎఫ్ 100 పోసి ఐరన్ లేకుండా 50 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచండి. స్పెక్ట్రంలో 8 నుంచి 9 పీపీఎం మధ్య ఇమీన్ ప్రాంతం ఎగుడుదిగుడు గుట్టలా ఉంటుంది, ఏ గీతా ఒంటరిగా నిలబడదు. కాపర్‌కు మిథైల్ ఇమీన్ అంటే ఇష్టమే. కానీ చుట్టూ ట్రెన్ ఇమీన్లు, మామూలు ఇమీన్లు ఖాళీగా తిరుగుతుంటే ఆ ఇష్టం ఒక్కటే గుంపును సర్దలేదు.

ఇప్పుడు సెప్టం గుండా ఇ 100 మైక్రోలీటర్లు పంపండి. పడిన చోట ఊదా రంగు తీగలా కిందికి దిగుతుంది, తలకిందులు చేయగానే ట్యూబంతా పరుచుకుంటుంది. గంట గంటకూ స్పెక్ట్రం తీస్తే గుట్ట కరుగుతూ, రిఫరెన్స్‌లో రాసుకున్న రెండు స్థానాల్లో రెండు సన్నటి గీతలు పైకి లేస్తాయి. ఐరన్ తన వాటా తీసుకుపోవడం వల్ల కాపర్ వైపు కూడా శుభ్రపడింది. ఒక లోహం ఎంపిక ఇంకో లోహం ఎంపికను పూర్తి చేయడాన్ని ఇంతకంటే నేరుగా చూపించే నియంత్రణ ప్రయోగం లేదు. ఐరన్ ఒక్కటే ఉన్న ట్యూబు కూడా పక్కన పెట్టండి. అందులో ఐరన్ దాదాపు తన జోడీని కట్టుకుంటుంది, మిథైల్ ఆల్డిహైడ్, టొలుయిడీన్ మాత్రం సగం ఇమీన్‌గా, సగం విడిగా మిగులుతాయి.

మీ సొంత జోడీ కట్టాలంటే

రెండు లోహాల మధ్య సమన్వయ సంఖ్యలోనే తేడా ఉండేలా చూడండి, ఆరు-నాలుగు జోడీ అన్నింటికంటే సులువు. ఐరన్-2 పక్కన జింక్-2 పెడితే కష్టం. జింక్ కూడా అదే ఆరు నైట్రోజన్ల సంచిలో హాయిగా కూర్చుంటుంది, లో-స్పిన్ వల్ల ఐరన్‌కు దక్కే లాభం దానికి లేదన్నదొక్కటే తేడా. ఒక్క తేడా మీద ఆధారపడొద్దు. ఇక్కడ అడ్డుగుంపు, కీలేట్, జ్యామితి మూడూ ఒకే దిశలో లాగుతున్నాయి. మీ డిజైన్‌లో ఏదైనా రెండు ఎదురెదురుగా లాగితే మిశ్రమమే వస్తుంది.

టొలుయిడీన్ బదులు వేరే ఎనిలీన్ వాడేటప్పుడు ఎలక్ట్రాన్లు ఎక్కువున్నది తక్కువున్నదాన్ని కాపర్ మీది ఇమీన్‌లోంచి తరిమేస్తుందని గుర్తుంచుకోండి. షుల్ట్జ్, నిట్ష్కే 2006లోనే దీన్ని హామెట్ సమీకరణంతో (అణువులోని గుంపుల ఎలక్ట్రాన్ ప్రభావాన్ని అంకెల్లో చెప్పేది) ముడిపెట్టి వరుస మార్పిడులు చేసి చూపారు. అంటే పారా స్థానంలో మెథాక్సీ ఉన్నది కాపర్ వైపును ఇంకా బిగిస్తుంది, క్లోరో ఉన్నది వదులు చేస్తుంది. మొదటిసారే క్లోరోతో మొదలుపెట్టకండి.

పని అయ్యాక ట్యూబులను ఖాళీ చేసేది లోహాలున్న సేంద్రియ వ్యర్థాల డబ్బాలోకి, సింక్‌లోకి కాదు. ఊదా మరక గాజుకు అంటుకుని ఉంటే కొద్దిగా విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి ఒక రాత్రి వదిలేయండి. ఆ నీళ్లూ లోహ వ్యర్థమే. ట్యూబును తర్వాత బాగా కడిగి, అసిటోన్‌తో జాడించి, ఆరబెట్టాకే మళ్లీ వాడండి. లోపల ఆమ్లం జాడ మిగిలితే తర్వాతి ట్యూబులో ట్రెన్ ప్రోటాన్‌ను పట్టుకుంటుంది, మీ 3.00 మళ్లీ 2.7 అవుతుంది.